డ్రిల్లు మేడమ్ గాలి పరుపు

తన పాత నిద్రచాప వాషింగ్ మెషిన్ కింద కనిపించిన రోజున డ్రిల్లు మేడమ్‌కి ఒళ్లు మండిపోయింది.

అది నీలం రంగు ఫోమ్ చాప. బడిలో ఆటల టీచరుగా ఉన్నన్నాళ్లూ, ఏటా పెద్దతరగతి ఆడపిల్లల్ని కొండలకి తీసుకెళ్లినప్పుడల్లా చుట్ట చుట్టి బ్యాగుకి కట్టుకున్నది. ఇప్పుడు ముక్కలు ముక్కలై, మెషిన్ కాళ్ల కింద ఒక్కో ముక్కా అణిగిమణిగి కూర్చుంది.

"మెషిన్ ఊగిపోతోందని అడుగున మెత్తగా ఏదైనా పెట్టమన్నాడు మెకానిక్. అటక మీద అది ఊరికే పడుందిగా," అన్నాడు భర్త, చదువుతున్న పేపరు దించకుండా.

"నేనూ ఊరికే పడున్నానుగా. నన్నే పెట్టేయకపోయారా?"

ఆయన పేపరు దించాడు. పక్కన టీ తాగుతున్న ఆడపడుచు కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. అన్నావదినల మాటల మధ్యలో దూరితే రెండు వైపులా చివాట్లేనని ఆవిడకి బాగా తెలుసు.

కిందటి వానాకాలంలో మేడమ్‌కి నిమోనియా వచ్చింది. ముదిరి, చీము పట్టి, చివరికి కుడి ఊపిరితిత్తిలో కింది ముక్క కోసి తీసేయాల్సి వచ్చింది. బతికి ఇంటికొచ్చింది కానీ, వచ్చింది మనిషి కాదు, గాజుబొమ్మ అన్నట్టు చూశారు అందరూ. బకెట్ ఎత్తకూడదు. మెట్లెక్కకూడదు. కిటికీ దగ్గర కూర్చోకూడదు, చల్లగాలి. వంటింట్లో నిలబడకూడదు, పొగ. డాక్టరు మాత్రం "నడవండి, ఎంత నడవగలిగితే అంత నడవండి, మరీ అలిసిపోకుండా" అన్నాడు. భర్త చెవికి ఆఖరి ముక్కొక్కటే ఎక్కింది. ఈల వేస్తే మైదానం ఆ చివరున్న పిల్లలు కూడా బిగుసుకు నిలబడేవాళ్లు, అలాంటి మనిషి ఇప్పుడు మంచినీళ్లు కావాలన్నా ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెట్టేదాకా కూర్చోవాల్సి వస్తోంది.

అలాంటప్పుడు జాగ్రఫీ మాస్టారు ఫోన్ చేశాడు. రిటైరైన టీచర్లందరం కలిసి కొండమీది చెరువుదాకా నడుద్దాం, రాత్రిళ్లు డేరాల్లో పడక, డేరాలూ భోజనాలూ నేను చూసుకుంటా, పక్క మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి అన్నాడు. ఆయన మాట పూర్తికాకుండానే మేడమ్ తన పేరు రాసుకోమంది. ఆ ఊపులోనే అటక మీద చాప కోసం వెతికి, అది లేక, చివరికి ఇదుగో, ఇక్కడ తేలింది.

"నేను కొండకి వెళ్తున్నా. మాస్టారికి చెప్పేశా," అంది.

"ఎవర్నడిగి చెప్పావు?"

"నన్నడిగి."

భర్త లిఫ్టుల కంపెనీలో సర్వీసు ఇంజనీరు, రిటైరయ్యాక కూడా కంపెనీ వదల్లేదు. ఏ విషయమైనా చివరికి లిఫ్టు దగ్గరికే తెస్తాడు. "చూడు, లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో బోర్డు రాసి ఉంటుంది. ఒక మనిషి ఎక్కువైతే తాడు తెగిపోతుందని కాదు. తెగేదాకా తెచ్చుకోకూడదని. మనిషికీ అంతే."

"నాకా బోర్డు కట్టమని మీకు ఎవరు చెప్పారు?"

వాదన చాలాసేపు సాగుతుందనుకుంది. కానీ ఆయన పేపరు మడిచి, "సరే, నీ ఇష్టం. పరుపు కొనడానికి వెళ్లేటప్పుడు చెల్లెల్ని తోడు తీసుకెళ్లు," అన్నాడు. పోట్లాటకి నడుం బిగించిన మనిషికి అవతలివాడు దారి వదిలేస్తే సంతోషం రాకూడదు, అనుమానం రావాలి. ఆమెకి సంతోషమే వచ్చింది.

ఆడపడుచు కోర్టులో స్టెనోగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. అదే ఇంటి పై వాటాలో ఉంటుంది. అన్నయ్య మాటంటే వేదవాక్కు. వదిన మెట్లెక్కినా, దగ్గినా సాయంత్రానికి అన్నయ్యకి చేరాల్సిందే. వదినకి ఆ సంగతి తెలుసు, తెలిసీ మూడోరోజున వెంటపెట్టుకుని వెళ్లింది.

కొండలెక్కేవాళ్ల సామాన్లమ్మే కొట్టు సైకిళ్ల దుకాణం పైన ఉంది. లిఫ్టు లేదు. మెట్ల మలుపులో మేడమ్ ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఊపిరి సర్దుకుంది.

"ఆయాసంగా ఉందా?" అంది ఆడపడుచు.

"ఉంది. అది కూడా చెప్పు మీ అన్నయ్యకి. ఆయాసంతోనే పైకెక్కిందని కూడా చెప్పు. సగం చెప్పి ఊరుకోకు."

పైన ఇరుకైన పొడుగాటి గది. గోడల నిండా వేలాడుతున్న బ్యాగులు, తాళ్లు, బూట్లు. కొత్త రబ్బరు వాసన. కొట్టావిడ ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయి ఉంది, ఈమధ్యే ఏదో కొండ దిగొచ్చినట్టు. ఇద్దర్నీ చూసి, ఆడపడుచు వైపు తిరిగి అడిగింది.

"పెద్దావిడకేనా? మెత్తగా ఉండాలా?"

ఇద్దరి మధ్యా ఏడాది తేడా లేదు. అయినా ఎగశ్వాస పీల్చేవాళ్లే పెద్దవాళ్లయిపోతారు కాబోలు.

"పెద్దావిడ ఇక్కడుంది," అంది మేడమ్. "నోరు కూడా ఉంది. నన్నడగండి."

కొట్టావిడ నొచ్చుకుంది. ఆ తర్వాత మళ్లీ ఒక్కసారి కూడా ఆడపడుచు వైపు చూసి మాట్లాడలేదు. ఏ కొండకి వెళ్తున్నారో అడిగి, మూడు రకాలు తెచ్చి కిందపెట్టింది. మడతలు పడే ఫోమ్ చాప: ముల్లు గుచ్చుకున్నా దిగులు లేదు, కానీ నేల గట్టితనం ఒంటికి తెలుస్తుంది. రెండోది లోపల స్పాంజి ఉన్న పరుపు: మూత తిప్పి వదిలేస్తే దానంతటదే గాలి పీల్చుకుని లేస్తుంది, కానీ బరువు. మూడోది ఉత్త గాలి పరుపు: చుడితే నీళ్ల సీసా అంత, ఊదితే అరచెయ్యి మందం. చిల్లు పడిందా, అతుకేసుకునేదాకా అంతే సంగతులు.

"కొండ మీద చలి పైనుంచి కాదండీ, కిందనుంచి లాగుతుంది," అంది కొట్టావిడ. "ఉత్త గాలి ఉంటే ఆగదు. లోపల మెరుపు పొర ఉన్నది తీసుకోవాలి. ఇదుగో, సంచీ మీద అంకె వేసి ఉంటుంది. అంకె పెద్దదైతే వెచ్చదనం ఎక్కువ. మీ చెరువు దగ్గర రాత్రి బాగా చల్లబడుతుంది, నాలుగుకి తగ్గొద్దు."

"పడుకుని చూడొచ్చా?"

"చూడండి."

మేడమ్ చెప్పులు విడిచి, నడిమధ్య నేల మీద ఫోమ్ చాప పరుచుకుని పడుకుంది. బూట్లు చూసుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు పక్కకి తప్పుకున్నారు.

"వదినా, లే. జనం చూస్తున్నారు."

"చూడనీ. టికెట్టేం పెట్టలేదుగా. సొరకాయైనా గోరుతో గిల్లి చూసి కొంటాం. ఊరికే చూసి పరుపెలా కొంటాను?"

ఆపరేషనైనప్పటినుంచి వెల్లకిలా పడుకుంటే ఆమెకి దగ్గు తెర వస్తుంది. కుడివైపు కుట్లు లాగుతాయి. ఎడమ పక్కకి ఒత్తిగిల్లితేనే నిద్ర. ఒత్తిగిల్లి చూసింది. ఫోమ్ చాప మీద తుంటి ఎముక నేలకి కొట్టుకుంది. స్పాంజి పరుపు మీద హాయిగా ఉంది కానీ, లేచి దాన్ని చుట్టించి చేత్తో ఎత్తి చూసి పెదవి విరిచింది.

"ఇది మోస్తే పరుపు కొండెక్కినట్టవుతుంది కానీ నేనెక్కినట్టు కాదు."

గాలి పరుపుల్లో మొదటిది కదిలినప్పుడల్లా కరకరలాడింది. "చిప్స్ ప్యాకెట్లో పడుకున్నట్టుంది. డేరాలో పక్కనున్నవాళ్లు నా పీక నొక్కుతారు," అంది. రెండోది మెత్తగానే ఉంది, వెడల్పు చాల్లేదు. ఒత్తిగిల్లి మోకాళ్లు ముడిచేసరికి మోకాళ్లు నేల మీదున్నాయి. కొట్టావిడ లోపలికెళ్లి ఒక వెడల్పాటి నారింజరంగు పరుపు తెచ్చి గాలి నింపింది. మేడమ్ దాని మీద ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు ముడిచి, కళ్లు మూసుకుంది. తుంటి నేలకి తగల్లేదు. భుజం తగల్లేదు. చప్పుడు లేదు. చాలాసేపు కదల్లేదు. ఆడపడుచు కంగారుపడి వంగి చూసింది.

"బతికే ఉన్నా," అంది మేడమ్ కళ్లు తెరవకుండా. "ఇదే."

కొట్టావిడ దాంతోపాటు చిన్న కరెంటు పంపు చూపించింది. "దీంతో మీకు శ్రమ ఉండదు."

శ్రమ ఉండదన్న మాట మేడమ్‌కి సూదిలా గుచ్చుకుంది. ఏడాదిగా ఆ మాటతోనే ఇంట్లోవాళ్లు ఆమె చేతుల్లోంచి ఒక్కొక్కటీ లాక్కుంటున్నారు. "పంపు వద్దు. నోటితో ఊదుకుంటా," అని, పరుపు గాలి తీయించి, నేల మీద బాసింపట్టు వేసుకుని మూత విప్పి గాలి రంధ్రం మీద నోరు పెట్టింది. మొదటి నాలుగు ఊపిర్లూ బాగానే వెళ్లాయి. పరుపు తలగడవైపు కాస్త ఉబ్బింది. ఆ తర్వాత చెవుల్లో హోరు మొదలైంది. కళ్ల ముందు వేలాడుతున్న బ్యాగులు రెండేసి కనిపించాయి. ఆగింది. మళ్లీ ఊదింది. పక్కటెముకల కింద, కుట్ల దగ్గర, ఎవరో తాడు కట్టి లాగినట్టయింది. నోరు తీసి తలొంచుకుని కూర్చుంది. పరుపు పావువంతు కూడా లేవలేదు.

ఆడపడుచు మెల్లిగా వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యేసింది.

"ఇది చెప్పొద్దు మీ అన్నయ్యకి," అంది మేడమ్ కాసేపటికి.

"చెప్పను."

అప్పుడు కొట్టావిడ అంది, "మేడమ్, నేను కూడా నోటితో ఊదనండీ. నోటి గాలిలో తడి ఉంటుంది, లోపల బూజు పడుతుంది." పరుపుతో పాటు వచ్చే పల్చటి పొడుగాటి సంచీ తీసి చూపించింది. నోరు దగ్గర పెట్టక్కర్లేదు. దూరంనుంచి ఒక్క ఊపిరి వదిలితే చుట్టూ ఉన్న గాలినంతా కలుపుకుని సంచీ నిండిపోతుంది. మూతి ముడిచి, చుడుతూ ఒత్తితే ఆ గాలి పరుపులోకి పోతుంది. మేడమ్ చేసి చూసింది. నిజంగానే ఒక్క ఊపిరికి సంచీ పొట్ట నిండిన కొండచిలువలా లావెక్కింది. అలా కొన్నిసార్లు చేసేసరికి పరుపు బిగిసింది. ఆయాసం రాలేదు.

"ఇది ఇవ్వండి," అంది. "మొండికైనా ఒక పద్ధతుండాలి."

ఒక్క అనుమానం మిగిలింది. ఇంత వెడల్పు పరుపు మాస్టారి డేరాలో పడుతుందా? కొట్లోంచే ఫోన్ చేసింది.

జాగ్రఫీ మాస్టారు నీళ్లు నమిలాడు. "డేరాయా... అంటే... మీరు వస్తున్నారా మేడమ్? మీవారు మొన్న ఫోన్ చేసి మీ పేరు తీసేయమన్నారే. డాక్టరు వద్దన్నాడని. మీ చోటు డ్రాయింగు మాస్టారికి ఇచ్చేశాను."

"నా పేరు పెట్టింది నేను కదా మాస్టారూ. తీసేటప్పుడు నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"మీవారే చెప్పాక ఇంక..."

"ఆయన మాట్లాడేది ఆయన గురించి. నా గురించి నేను మాట్లాడతా," అని ఫోన్ పెట్టేసింది. ఆడపడుచు వైపు తిరిగింది. "నీకు తెలుసా ఈ సంగతి?"

ఆడపడుచు మొహం చూస్తేనే తెలియదని తెలిసింది. "నన్ను కనిపెట్టుకుని ఉండమన్నాడు. అంతే చెప్పాడు," అంది, కొంచెం అవమానంగా.

మేడమ్ పరుపు కొంది. ఆ చుట్టని చంకలో పెట్టుకుని తనే మోసింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి హాలు మధ్యలో, టీవీకీ ఆయన కుర్చీకీ నడుమ, నారింజరంగు పరుపు అడ్డంగా పడి ఉంది. దాని మీద భార్య కూర్చుని ఉంది. ఆయన చెప్పులు విడవబోయి గుమ్మంలోనే ఆగాడు.

"మాస్టారితో మాట్లాడా," అందామె.

ఆయన బ్యాగు కింద పెట్టాడు. తప్పు దొరికిపోయిన మనిషి బుకాయిస్తాడనుకుంది. ఆయన బుకాయించలేదు. "అవును, చేశా. మళ్లీ చెయ్యమన్నా చేస్తా. ఆసుపత్రిలో ఆ తలుపు బయట కుర్చీలో కూర్చున్నది నేను. లోపలినుంచి ఎవరు వచ్చినా నీ సంగతి చెప్పడానికే వస్తున్నారేమోనని లేచి నిలబడింది నేను."

"లోపల పడుకున్నది నేను," అంది ఆమె. గొంతు పెంచలేదు. "గొట్టాలు నా గొంతులో ఉన్నాయి. కోత నా ఒంటి మీద ఉంది. ఏం పోయిందో, ఎంత మిగిలిందో నాకు తెలిసినట్టు మీకు తెలియదు. మీకు భయమేసింది, కాదనను. ఆ భయం మీది. మీరే మోసుకోండి. నా బ్యాగులో పెట్టకండి."

"అక్కడ ఏదైనా అయితే?"

"అయితే అవుతుంది. ఇక్కడ ఏమీ కాకుండా కుర్చీలో కూర్చుని ఎండిపోతే అది బాగుంటుందా? దానికి మీరేం లెక్క చెప్తారు?"

ఆయన కూర్చోబోయి, కుర్చీకి దారి లేక, పరుపు అంచు మీదే కూర్చున్నాడు.

"ఫోన్ తీయండి," అందామె. "మాస్టారికి మీరే చెప్పండి. నాకు వినబడేలా చెప్పండి."

ఆయన స్పీకరు పెట్టి చేశాడు. పొరపాటైందని, ఆవిడ వస్తోందని, పేరు మళ్లీ రాయమని చెప్పాడు. అవతల మాస్టారు ఇబ్బందిగా, "రావచ్చండీ, కానీ డేరాలో చోటు లేదు. సొంత డేరా ఉంటే తెచ్చుకోమనండి. ఒంటరిగా ఒక డేరాలో అంటే, ఆవిడ పరిస్థితిలో..." అని నసిగాడు. భర్త ఫోన్ చేత్తో మూసి భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఎక్కడో చిన్న ఆశ ఉంది.

మెట్ల మీదనుంచి ఆడపడుచు గొంతు వినబడింది. "ఇద్దరు పట్టే డేరా ఆ కొట్లో అద్దెకిస్తారట. నేనూ వెళ్తా."

అన్నావదినలిద్దరూ తలెత్తి చూశారు.

"నువ్వా?" అన్నాడు అన్నయ్య. "నీకు చీమంటే భయం."

"ఇప్పుడూ భయమే. పొదల చాటుకి వెళ్లడమంటే రోత. నాకేం సరదా లేదు," అందావిడ కిందికి దిగుతూ. "కానీ అన్నయ్యా, నన్ను కాపలాకి పంపించి అసలు సంగతి నా దగ్గరే దాచావు చూడు, అది నాకు నచ్చలేదు. కోర్టులో బంట్రోతుకి కూడా కేసేమిటో చెప్పి పంపిస్తారు."

బయల్దేరేదాకా మేడమ్ ఆ పరుపు మీదే, ఆ హాల్లోనే పడుకుంది. రోజూ పొద్దున్నే వీధి చివర అపార్టుమెంటుకి వెళ్లి, పై అంతస్తుదాకా మెట్లెక్కి దిగింది. మొదట్లో మలుపు మలుపుకీ ఆగింది. తర్వాత ఒక మలుపు విడిచి ఒక మలుపులో ఆగింది. భర్త లిఫ్టులో వెళ్లి పైన నిలబడేవాడు. పలకరించేవాడు కాదు. ఆమె వచ్చాక మళ్లీ లిఫ్టులోనే దిగేవాడు.

కొండ ఎక్కడం మొదలైన గంటకే మేడమ్ అందరికంటే వెనకపడింది. దారి పక్కన ఎర్రమట్టి, వేళ్లు, జారే గులకరాళ్లు. ఆమె తన పద్ధతిలో నడిచింది: నాలుగడుగులు వేయడం, ఆగడం, ముక్కుతో పీల్చి నోటితో వదలడం, మళ్లీ నడవడం. మాస్టారు వెనక్కి దిగొచ్చి, "మేడమ్, అటు జీపు దారి ఉంది. ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తుంది. ఇందులో తప్పేం లేదు," అన్నాడు.

"తప్పుందని ఎవరన్నారు? జీపెక్కేవాళ్లని ఎక్కించండి. నేను నడుస్తా."

"చీకటి పడుతుందేమోనని..."

"చీకటి పడితే టార్చి ఉంది. మీరు ముందు నడవండి మాస్టారూ, మీరు పక్కన నిలబడి జాలిగా చూస్తుంటే నాకింకా ఆయాసం వస్తోంది."

పొద్దు కొండ అవతలికి ఒరిగే వేళకి ఇద్దరాడవాళ్లూ మజిలీ చేరారు. మిగతావాళ్లు అప్పటికే టీలు తాగేశారు. డేరాలన్నీ ముందే జీపులో వచ్చాయి, ఎవరో పుణ్యాత్ములు వీళ్లది కూడా నిలబెట్టి ఉంచారు. డ్రాయింగు మాస్టారు మరీ మంచివాడు, ఆమె చోటు తనకి వచ్చిందన్న బాధ కూడా ఉన్నవాడు. మేడమ్ బ్యాగు దింపీ దింపగానే అందులోంచి పరుపు తీసి, మూత విప్పి, బుగ్గలు పూరించి ఊదబోయాడు.

"మాస్టారూ, నోరు తీయండి," అంది మేడమ్.

మైదానంలో పలికిన గొంతే అది. డ్రాయింగు మాస్టారు తప్పు చేసిన పిల్లాడిలా పరుపు వదిలేసి లేచి నిలబడ్డాడు. నలుగురూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని, సంచీ విదిలించి, దూరంనుంచి ఊపిరి వదిలి, మూతి ముడిచి, చుట్టి, ఒత్తింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది. ఎవరో ముందుకి రాబోతే ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది. పరుపు బిగిశాక మేడమ్ దాన్ని గుద్ది చూసి, డేరాలోకి తోసి, అప్పుడు టీ అడిగింది.

ఆడపడుచు తన కోసం చవగ్గా వస్తుందని ఫోమ్ చాప కొనుక్కుంది. తెల్లారి మేడమ్‌కి మెలకువ వచ్చేసరికి చాప మీద ఎవరూ లేరు. ఆడపడుచు వెడల్పాటి పరుపు మీద, ఆమె వీపుకి వీపు ఆనించి, సగం ఆక్రమించి గుర్రుపెడుతోంది.

"ఆడపడుచు అర్ధమొగుడంటారు. అర్ధ పరుపు కూడా రాసిచ్చారా?" అంది మేడమ్.

"నేల నా ఎముకలు పీక్కుతింది వదినా. కాస్త జరుగు," అందావిడ నిద్రలోనే.

ఆ రోజు చెరువు దగ్గరికి వెళ్లిరావడం. డేరాలు ఇక్కడే ఉంచి ఖాళీ చేతుల్తో ఎక్కాలి. దారి ముందు రోజుకంటే నిటారు. మేడమ్ ఎక్కింది. పైన గాలి పల్చబడి, అడుగు అడుక్కీ గుండె చప్పుడు చెవుల్లో వినబడసాగింది. చివరి మలుపు తిరిగేసరికి, రాళ్ల సందులోంచి, దూరంగా చెరువు తళుక్కుమంది. సన్నటి నీళ్ల గీత, దాని వెనక బూడిదరంగు కొండ.

మేడమ్ ఒక బండ మీద కూర్చుంది. "నాకు ఇక్కడిదాకే."

జాగ్రఫీ మాస్టారు కంగారుపడ్డాడు. "అదేంటి మేడమ్, ఇంతదాకా వచ్చి? కనబడుతోందిగా. ఇంకో కాస్త. చెయ్యి పట్టుకుంటాం, మెల్లిగా వెళ్దాం. గట్టు మీదికి చేరితే ఆ సంతోషమే వేరు."

"వద్దు."

"మీరే కదా నిన్న జీపు వద్దన్నారు. అంత పట్టుదల ఉన్నవాళ్లు..."

"నిన్న నడవాలనిపించింది, నడిచా. ఇవాళ ఇక్కడ ఆగాలనిపించింది, ఆగా," అంది మేడమ్. "ఇంట్లో ఒకాయన నన్ను ఆపాలని చూశాడు. మీరు లాగాలని చూస్తున్నారు. ఎక్కడిదాకా వెళ్లాలో ఇద్దరికంటే నాకే బాగా తెలుసు. వెళ్లిరండి."

మాస్టారు ముందుకి కదిలాడు. ఆడపడుచు వదిన వైపూ, చెరువు వైపూ చూసింది.

"నువ్వు కూర్చో వదినా. ఇంత కష్టపడి వచ్చా, నేను చూసే వస్తా," అని వెనక్కి చూడకుండా అందరికంటే ముందు నడక సాగించింది.

ఆ మలుపులో సిగ్నల్ ఉంది. ఫోన్ మోగింది. భర్త.

"ఎక్కడున్నావు?"

"చెరువుకి ఇవతల. బండ మీద."

"ఎవరాపారు?" అన్నాడు, ఆదుర్దాగా.

"ఎవరూ ఆపలేదు. నేనే ఆగా."

"ఆయాసం ఉందా?"

"ఉంది. దగ్గు కూడా వచ్చింది. రాత్రి బాగా నిద్రపట్టింది. పొద్దున్న మీ చెల్లెలు నా పరుపు మీదికి వచ్చి పడుకుంది. ఇప్పుడు నన్నొదిలేసి చెరువు చూడ్డానికి పోయింది."

"చెల్లెలా? ఒక్కతే వెళ్లిందా? ఆ జారుడు రాళ్ల మీద..."

"ఆవిడ పేరు కూడా తీసేయిస్తారా?"

అవతల ఆయన నవ్వాడో, నిట్టూర్చాడో తెలియలేదు. "జాగ్రత్తగా దిగు," అన్నాడు.

"దిగుతా. నాకు తోచినప్పుడు దిగుతా," అని ఫోన్ జేబులో పెట్టుకుంది. బండ ఎండకి వెచ్చగా ఉంది. ఎడమ మోచెయ్యి ఆనించుకుని దాని మీద వాలి, పైకెక్కుతున్న ఆడపడుచు చీమంత అయిపోయి రాళ్ల వెనక్కి వెళ్లేదాకా చూస్తూ ఉంది.